బాపును మంచాన పడుకోబెట్టిన అర్జీ

గౌలిపురలో మా గల్లీలో ఎవరికి ఏ అర్జీ కావాలన్నా మా ఇంటి తలుపే తట్టేవారు. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు మొదలైంది అది. ఎదురింటి ముసలమ్మకు పింఛను ఆగిపోతే మా అమ్మ నా చేతికి ఒక తెల్లకాగితం ఇచ్చి, "మా పిల్ల మంచిగ రాస్తది" అంది. నేను రాసిన నెలకు పింఛను మళ్లీ వచ్చింది. ఇక అక్కడినుంచి రేషన్ కార్డులో పేరు ఎక్కించమని ఒకరు, మీటరు మార్చమని ఒకరు, కాలేజీ ఫీజు మాఫీ చేయమని ఒకరు. నాకు నలుగురిలో నోరు పెగలదు. ఇంటికి చుట్టాలొస్తే వంటింట్లో పుస్తకం పట్టుకుని గోడవైపు తిరిగి కూర్చునేదాన్ని. అలాంటిదాన్ని, కాగితం మీద మాత్రం ఎవరి తరఫునైనా ఎంతసేపైనా మాట్లాడగలనని తెలిసినప్పుడు లోపల్లోపల చాలా గర్వపడ్డాను.

అర్జీ ఎలా రాయాలో నాకు చెప్పింది ఒక పెద్దాయన. తహసీల్దారు ఆఫీసు గోడ నీడలో టైపు మిషను పెట్టుకుని కూర్చునేవాడు. నేను రాసిన ఒక కాగితం చూసి నవ్వాడు.

"ఏంది బిడ్డా, ఉన్నదున్నట్టు రాసినవ్? గిట్ల రాస్తే ఎవడు జూస్తడు? అర్జీ జదివినోని కండ్లు తడవాలె. తడువకుంటే సంతకం పడదు."

అప్పటినుంచి నేనూ తడపడం నేర్చుకున్నాను. ఇద్దరు పిల్లలుంటే నలుగురని రాశాను. మోకాలి నొప్పిని పక్షవాతం చేశాను. ఎవరూ తప్పు పట్టలేదు. అర్జీలో ఉండే మనిషి వేరు, ఇంట్లో ఉండే మనిషి వేరు అని మా గల్లీలో అందరికీ తెలుసు. సంతకం పెట్టేవాళ్లకీ తెలిసే ఉంటుందని నా నమ్మకం. పైగా అర్జీలు ఫైళ్లలోకి పోతాయి. వాటిని ఎవరూ నలుగురి ముందు పైకి చదవరు.

నా దగ్గరికి ఎన్నడూ కాగితం తీసుకురాని ఇల్లు గల్లీలో ఒకే ఒక్కటి ఉండేది. చివర్న, బర్రెల కొట్టం ఉన్న పాలవాళ్ల ఇల్లు. ఆ ఇంటాయన్ని నేను కాకా అంటాను. పదకొండు బర్రెలు, ఒక దున్నపోతు. దీపావళి తర్వాత సదర్ పండుగకు ఆ దున్నకు నూనె రాసి, కొమ్ములకు రంగులేసి, మెడలో గవ్వల పట్టీ కట్టి, డప్పుల మధ్య నడిపించుకుపోతుంటే దున్న ఎక్కువ మెరుస్తోందా కాకా ఎక్కువ మెరుస్తున్నాడా చెప్పడం కష్టం. ఒకసారి మా నాన్న ఆయనతో, తెల్ల కార్డుకు రాయించుకోరాదా, మా పిల్ల రాసిస్తుంది అన్నాడు. "నా బర్లు నాకు అన్నం పెడుతున్నయన్నా. ఇంకొగని వాటా నాకెందుకు?" అన్నాడు కాకా. ఆ మాట నేను విన్నాను. డైరీలో రాసుకున్నాను కూడా. రాసుకోవడం వేరు, అర్థం చేసుకోవడం వేరు.

ఆయనకు ఒక్కతే కూతురు. నాకంటే మూడేళ్లు చిన్న. నన్ను అక్కా అంటుంది. నాకు లేనిదంతా ఆ పిల్లకు ఉండేది. పాలకోసం వచ్చినవాళ్లు గిన్నె పట్టుకుని వెనుదిరిగారో లేదో, వాళ్ల నడక, వాళ్ల గొంతు, వాళ్లు చిల్లర వెతుక్కునే తీరు అన్నీ తన ఒంట్లోకి వచ్చేసేవి. శాలిబండ నుంచి ఒక ఖాలా వచ్చేది. ప్రతిరోజూ పాలగిన్నెలోకి తొంగిచూసి, "క్యా భాయ్, ఆజ్ పానీమే దూద్ జరా కమ్ పడ్గయా క్యా?" అనేది, ఇవాళ నీళ్లలో పాలు కాస్త తక్కువ పడ్డాయా అని. ఆ ఖాలా ముందే ఆ పిల్ల కొంగు సర్దుకుని అదే మాట అదే గొంతుతో అంటే ఖాలా అరుగు మీద కూలబడి నవ్వేది. "హాయ్ అల్లా, మేరీ నకల్ ఉతార్‌తీ!" అని, అచ్చం నాలాగే చేస్తోందని మెటికలు విరిచేది. కాకా బర్రె వెనక దాక్కుని నవ్వేవాడు. కూతురి ముందు నవ్వితే అలుసైపోతానని ఆయన భయం.

మూడేళ్ల కిందటి వేసవి ముందు, మా కాలేజీ మేడం ఒక ప్రకటన అందరి ఫోన్లకూ పంపారు. బంజారాహిల్స్‌లో సినిమా, నటన నేర్పే ఇరవై రోజుల శిబిరం. పంతొమ్మిదేళ్లు దాటనివాళ్లకు. కొంతమందికి స్కాలర్‌షిప్ ఇస్తారట, ఫీజు అంతా వాళ్లదేనట. కావలసింది రెండు నిమిషాల వీడియో, ఒక పేజీ ఉత్తరం. "మీ గురించి, మీరు పెరిగిన ఇంటి గురించి, మీరు రోజూ చూసే మనుషుల గురించి మీ మాటల్లో రాయండి" అని ఉంది. ఆదాయ ధ్రువపత్రం అడగలేదు. స్కాలర్‌షిప్ అని పెట్టి ఆదాయం అడగకపోవడం నాకు వింతగా అనిపించింది. వాళ్లు మర్చిపోయి ఉంటారు అనుకున్నాను.

ఆ పిల్లకు చూపించాను. దాని కళ్లు ఎంత పెద్దవయ్యాయంటే నాకు భయమేసింది.

"అక్కా, నిజంగనే ఊకెనే నేర్పుతరా? నా అసొంటిదానికి?"

"ఉత్తరం రాయాలె."

"నువ్వున్నవ్ గదా!"

వీడియో నా ఫోన్‌లోనే తీశాము, కొట్టం ముందు. ఆ తర్వాత ఉత్తరంలో ఏం రాయాలో చెప్పడానికి మా డాబా మీదికి వచ్చింది. అప్పుడు చెప్పింది ఒక సంగతి. దానికి పదకొండేళ్లప్పుడు కాకాకు విషజ్వరం వచ్చి వారం రోజులు లేవలేదట. ఆయన చేతికి తప్ప ఇంకెవరికీ పాలివ్వని బర్రె ఒకటి ఉండేదట. వాళ్ల అమ్మ కూర్చుంటే తన్నింది. మేనమామ కూర్చుంటే చేపలేదు, పాలన్నీ పొదుగులోనే పట్టుకుంది. రెండో రోజు పొద్దున ఈ పిల్ల వాళ్ల బాపు అంగీ తొడుక్కుని, తలకు ఆయన రుమాలు చుట్టుకుని, ఆయన లాగే రెండుసార్లు దగ్గి, "ఆ... ఆ... నా తల్లే" అని గొంతు బొంగురు చేసి పిలిచి, నడుం మీద ఆయన తట్టినట్టే తట్టిందట.

"చేపిందక్కా! బకెట్ నిండిపోయింది. బాపు లోపల్నించి విని, నేను మంచంల ఉంటే కొట్టంల దగ్గుతున్నదెవరే అన్నడు. గదే నా మొదటి యాక్టింగ్. బర్రెనే నమ్మించిన, మనుషులెంత? గిది రాయి."

నేను నవ్వాను. రాస్తానన్నాను. రాయలేదు.

ఎందుకు రాయలేదో ఇప్పుడు చెప్పగలను, అప్పుడు చెప్పలేకపోయేదాన్ని. అందులో నాకు పేడ వాసన వచ్చింది. అఫ్జల్‌గంజ్ లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకాలు చదివి చదివి, రాయడమంటే బాధను అందంగా చెప్పడమే అనుకుంటున్న రోజులవి. స్కాలర్‌షిప్ అన్న మాట చూడగానే నా చెయ్యి పాత దారిలో నడిచింది. పొయ్యి వెలగని రోజులు రాశాను. నాలుగిళ్లలో అంట్లు తోమే అమ్మను రాశాను. మంచం పట్టిన నాన్నను రాశాను. ఒక్కొక్క వాక్యం మూడుసార్లు దిద్దాను. అంతవరకు నేను రాసినవాటిలో అది అన్నిటికంటే బాగుందని నాకే అనిపించింది. ఎవరూ అడగకపోయినా ఆదాయ ధ్రువపత్రం కోసం కూడా ఒక ఖాళీ ఉందేమోనని ఫారమంతా వెతికాను.

పంపేముందు చదువుకోమని ఆ పిల్లకు ఇచ్చాను. "నువ్ రాసినంక నేను జదివేదేందక్కా" అని నా ఫోన్ నాకే ఇచ్చేసి, వేలితో తనే పంపించే గుర్తును నొక్కింది.

పది రోజులకు నా ఫోన్‌కే పిలుపు వచ్చింది. ఒక మేడం మాట్లాడారు. వీడియో నచ్చింది, ఉత్తరం చదివి తమలో ఒకరిద్దరు ఏడ్చారు కూడా అని చెప్పారు. పద్దెనిమిది నిండనివాళ్లు తల్లినో తండ్రినో వెంటబెట్టుకుని రావాలన్నారు. ఉత్తరం చదివి ఏడ్చారన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఆ పూటంతా ఆ మాటే తలుచుకున్నాను.

కాకాను ఒప్పించడానికి వారం పట్టింది.

"ఇంతకు గాడ ఏం నేర్పుతరే?"

"మనుషుల్లెక్క ఉండుడు నేర్పుతరు బాపు."

"ఇప్పుడేం బర్లెక్క ఉన్నవా?"

"బర్లెక్క గూడ ఉంట. చెయ్యాల్నా?"

కాకా మొహం పక్కకు తిప్పుకున్నాడు. భుజాలు కదలడం చూసి ఒప్పుకున్నాడని మాకు అర్థమైంది.

సదర్ పండుగకు తప్ప తొడగని తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు ఆయన. ధైర్యానికి నన్నూ రమ్మంది ఆ పిల్ల. ముగ్గురం ఒక ఆటోలో వెళ్లాము. అద్దాల తలుపులున్న పెద్ద గది. ఫోన్‌లో మాట్లాడిన మేడం, నెరిసిన జుట్టుతో ఒక సారు బల్ల వెనక కూర్చున్నారు. నేను గోడ పక్కన కుర్చీలో ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

ఆ పిల్ల ఖాలాను చేసింది. మా గల్లీ కిరాణా సేటును చేసింది. సారు ఏదో అడగబోతే, ఆయన కళ్లజోడు పైకి తోసుకునే తీరును ఆయన ముందే చేసి, నాలుక కరుచుకుంది. సారు పెద్దగా నవ్వారు. కాకా ఈసారి మొహం దాచుకోలేదు. ఆయన నోరంతా తెరిచి నవ్వడం నేను చూసింది ఆ ఒక్కరోజే.

అప్పుడు మేడం కాకావైపు తిరిగి చాలా మెత్తగా అడిగారు. "మీ ఆరోగ్యం ఇప్పుడెలా ఉందండీ? ఇంత దూరం రావడానికి ఇబ్బంది పడ్డారేమో."

"నాకేమైంది మేడం? మంచిగనే ఉన్న."

"అదే, అమ్మాయి ఉత్తరంలో రాసింది కదా, మంచం మీద..."

"ఏం ఉత్తరం?"

మేడం తడబడ్డారు. ఏమీ లేదండీ అన్నారు. కాకా వదల్లేదు. "జర సదువుండ్రి మేడం. నా బిడ్డ రాసింది నేను వినొద్దా?" అన్నాడు. అప్పటికింకా ఆయన మొహంలో నవ్వు పూర్తిగా పోలేదు. కూతురు ఏదో గొప్పగా రాసి ఉంటుందనే అనుకున్నాడు.

ఆమె చదివారు. నా వాక్యాలు. నేను మూడుసార్లు దిద్దిన వాక్యాలు. "మంచం పట్టిన నాన్న కళ్లలోకి చూసే ధైర్యం నాకు లేదు. ఆయన పాలడబ్బా మోసిన భుజం ఇప్పుడు గ్లాసెడు నీళ్లు కూడా మోయలేదు." ఆమె గొంతులో అవి ఎంత బాగా వినిపించాయో, అంత అసహ్యంగానూ వినిపించాయి.

కాకా కూతురివైపు చూశాడు. ఆ పిల్ల నేలవైపు చూసింది. ఆ ఉత్తరం తను వినడం కూడా అదే మొదటిసారి. నావైపు ఒక్కసారి చూసి ఉంటే చాలు, అందరికీ తెలిసిపోయేది. చూడలేదు. కావాలనే చూడలేదు.

కాకా లేచాడు. "గలతీ అయింది మేడం. నాకు పదకొండు బర్లున్నయి. మీరిచ్చేది ఎవరన్న లేనోళ్ల పిల్లకియ్యుండ్రి."

సారు కూడా లేచారు. "ఇది లేనివాళ్లకని పెట్టింది కాదండీ. బాగా చేసేవాళ్లకు, ఇలాంటి చోటికి దారి తెలియనివాళ్లకు. మీ అమ్మాయి చాలా బాగా చేసింది. అలా రాయాల్సిన అవసరమే లేదు."

"అవసరం లేకుంటనే రాసింది గద సార్" అన్నాడు కాకా.

నేను కుర్చీలోంచి లేచి "నేను రాశాను" అనాలి. రెండే మాటలు. ఫైలు గట్టిగా పట్టుకున్నాను. లేవలేదు. చిన్నప్పటినుంచీ నలుగురిలో ఇలాగే ఆగిపోతాను. దాన్ని సిగ్గు అని అందరూ ముద్దుగా అంటారు. ఆ రోజు అది ముద్దుగా లేదు.

తిరుగు ప్రయాణంలో ఆ పిల్ల మా ఇద్దరి మధ్య కూర్చుంది. లకిడికాపూల్ దగ్గర సిగ్నల్ పడింది. కాకా బయటికి చూస్తూ, "ఎందుకు రాసినవ్ బిడ్డా?" అని అడిగాడు.

"గట్ల రాస్తేనే ఇస్తరనుకున్న బాపు."

అంతే. నాంపల్లి దాటాం. మొజంజాహి మార్కెట్ దాటాం. అఫ్జల్‌గంజ్ దగ్గర గంటసేపు నిలబడ్డట్టు అనిపించింది. ఇంటికొచ్చాక డైరీ తెరిచి, "ఈ రోజు ఎండ చాలా ఎక్కువగా ఉంది" అని రాసి మూసేశాను. ఆ పేజీలో ఇప్పటికీ ఆ ఒక్క వాక్యమే ఉంది. ఎవరూ చదవని నోట్‌బుక్‌లో కూడా నేను నిజం రాయలేదు.

నాలుగు రోజుల తర్వాత డాబా మీద మిరపకాయలు ఎండబోస్తుంటే ఆ పిల్ల వచ్చింది. నేను ఏడవడం మొదలుపెట్టాను. తను ఏడవలేదు.

"నువ్ చెప్తవేమో అని చూసినక్కా" అంది. "సిగ్నల్ కాడ చూసిన. మార్కెట్ కాడ చూసిన. నయాపూల్ దాటినంక, ఇగ చెప్పవని సమజైంది."

"మరి నువ్వెందుకు చెప్పలేదు?"

"నీతోని గలాట అయితుండె. మీ నాయిన, మా బాపు అన్నదమ్ముల్లెక్క ఉంటరు. అయినా రాయిమన్నది నేనే గద."

కాకా కూతుర్ని తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ తర్వాత ఏ మాటైనా ఆమె తల్లితో చెప్పించేవాడు. కాలేజీ ఫీజు కట్టాడు, బట్టలు కొన్నాడు, జ్వరమొస్తే దవాఖానకు తీసుకుపోయాడు. ఎదురుగా కూర్చుని మాట్లాడటం మాత్రం మానేశాడు. ఆ పిల్ల కూడా నకళ్లు చేయడం మానేసింది. ఒకరోజు నేను అక్కడ ఉండగానే ఖాలా అడిగింది. "క్యా బేటీ, అబ్ మేరీ నకల్ నై కర్తీ?" ఆ పిల్ల నవ్వి, గిన్నెలో పాలు పోసి, మూత పెట్టి ఇచ్చింది. ఖాలా ఆ రోజు గిన్నెలోకి తొంగిచూడకుండానే వెళ్లిపోయింది.

తర్వాతి ఏడు ఆ మేడం మళ్లీ ఫోన్ చేశారు. ఆ అమ్మాయిని తాము మర్చిపోలేదని, ఈసారి ఉన్నదున్నట్టు రాసి పంపమని అన్నారు. ఆ పిల్లకు చెప్పాను. "బాపు మొఖం జూసి మళ్ల గా మాట ఎత్తనీకి నాతోని కాదక్కా" అంది. ఆ దారి తెరవడానికి నేను చేయవలసింది ఒక్కటే ఉంది. అదేమిటో మా ఇద్దరికీ తెలుసు. తను అడగలేదు. నేను చేయలేదు. ఆ పైయేడు కూడా శిబిరం జరిగింది. తనకు అదే ఆఖరి అవకాశమని నాకు తెలుసు. చివరి తేదీ డైరీలో రాసుకున్నాను. అది వచ్చింది, పోయింది.

ఈ మధ్య ఒక సాయంత్రం పాలకు వెళ్లాను. కాకా ఒక్కడే అరుగు మీద కూర్చున్నాడు. గిన్నె తీసుకుని పక్కన పెట్టి, కూర్చోమన్నాడు.

"నువ్ సదువుకున్నదానివి బిడ్డా. దానితోని దోస్తాన ఉన్నదానివి. ఒక్క మాట అడుగుత. అది గా కాయితంల నన్ను గట్లెందుకు రాసిందో నీకన్న చెప్పిందా?"

నేను పక్కన పెట్టిన గిన్నెను నావైపు లాక్కున్నాను.

"మూడేండ్లసంది గదే ఆలోచన జేస్తున్న. నేనేం తక్కువ జేసిన దానికి? దోస్తుల ముంగట పేడ వాసనొస్తదని సిగ్గు పడ్డదా? బాపు పాలోడని చెప్పుకోనీకి కష్టమైందా? నన్ను మంచంల పండవెట్టేటంత ఏం కోపమున్నది దానికి?"

ఆయన మాట్లాడటం మానింది కోపంతో కాదు. తన బిడ్డకు తనంటే నామోషీ అనుకుని, ఆ పిల్లను ఇబ్బంది పెట్టకూడదని మూడేళ్లు తప్పుకుని తిరిగాడు.

"అది రాయలే కాకా" అన్నాను. "నేను రాసిన."

మొత్తం చెప్పాను. తహసీల్దారు ఆఫీసు పెద్దాయన గురించి, ఆ పిల్ల రాయమన్న బర్రె ముచ్చట గురించి, నేను దాన్ని రాయకుండా వదిలేయడం గురించి. అంగీ, రుమాలు అన్న దగ్గర కాకా రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు.

"గప్పుడే చెప్తే ఏం బోతుండె బిడ్డా?"

జవాబు కోసం ఆయన ఆగలేదు. ఉన్నట్టుండి మెడ నిటారుగా పెట్టి నావైపు తిరిగాడు.

"గా క్యాంపు ఇంకా వెడుతున్నరా?"

"పెడుతున్నరు కాకా."

"అయితే రాయి. నేను చెప్త, నువ్ రాయి. గా సారు మంచోడు. నేనే బోయి మాట్లాడుత. ఎప్పుడు పంపాలె?"

ఆయన గొంతులో తొందర వింటుంటే నాకు అరుగు మీద కూర్చోవడం కష్టమైంది. లేచి నిలబడ్డాను.

"పంతొమ్మిది దాటనోళ్లకే కాకా. దానికి ఇరవై వచ్చినయి."

ఆయన కొట్టంవైపు తిరిగి కూతుర్ని పేరు పెట్టి పిలిచాడు. ఆ పిల్ల దాణా కలుపుతున్న చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. గడప దగ్గర ఆగి, తండ్రి మొహం చూసింది, నా మొహం చూసింది.

"చెప్పినవా?" అని నన్ను అడిగింది.

తలూపాను.

"ఇట్ల కూసో బిడ్డా" అన్నాడు కాకా. తను వెళ్లి ఆయన పక్కన కూర్చుంది. ఆయన చెయ్యి వెళ్లి దాని తల మీద పడింది. నేను మెట్టు దిగుతుంటే వెనకనుంచి తన గొంతు వినిపించింది. "జర ముందుగాల రావొద్దాక్కా" అంది, పాలు అయిపోయాక గిన్నె పట్టుకొచ్చినవాళ్లతో అన్నట్టు, ఏ కోపమూ లేకుండా.